గట్టుకు నేను కొట్టిన గండి

తమ్మీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి మూడేండ్లు. నీ పటానికి దండ వేసి గారెలు చేసినం. ఉప్పెక్కువైంది, నువ్వుంటే నాతోని కొట్లాడేవాడివి.

అసలు సంగతి వేరే. నీ బిడ్డ సుజాత నీ చిల్లుల పైపును కొట్టం మీది నుంచి దించి మళ్లీ మడిలో పాతింది. పైపులో నీళ్లు జానెడు కిందికి దిగేదాకా మోటరు వేయొద్దు, తక్కువ నీళ్లతోనే వరి పండుతదని ఊరంతా చెప్పినవు కదా, ఆ పైపే. ఈ యాసంగిల బోర్లు వట్టిపోయి పక్క మడులు ఎండినయి. సుజాత మడి కోతకొచ్చింది.

నీకెందుకు కుదరలేదో ఇప్పుడు చెప్తున్న. నీ మడి నెర్రెలు విచ్చుడు చూసి, "పంతులమ్మ తమ్మునికి నీళ్లు పెట్ట చాతగాదా?" అని ఊరోళ్లు నవ్విండ్రు. నాకు పరువు పోయినట్టైంది. రోజూ పొద్దున నువ్వు రాకముందే మన గట్టుకు గండి కొట్టి, నా మడి నీళ్లు నీ మడిలకు వదిలి, మళ్లీ పూడ్చిన. నువ్వొచ్చి పైపులోకి తొంగిచూసి, "నీళ్లు దిగుతనే లేవక్కా, మన నేలకు గిది పనికిరాదు" అని పీకేసినవు. "చదువుకున్నదాని మాట ముందే వినాలె" అని ఎక్కిరించిన కూడా. తప్పు నీదే అనుకుంట పోయినవు.

నిన్న సుజాత అడిగింది, "అత్తమ్మా, బాపుకు గిదెందుకు కుదరలే?"

"ఏమో బిడ్డా" అన్న. అబద్ధమాడొద్దని ముప్పై ఏండ్లు బడిపిల్లలకు చెప్పిన నోరే అది.

రేపు దాన్ని గట్టు మీదికి తీసుకపోయి, గండి ఎక్కడ కొట్టిననో చూపిస్త.

మీ అక్క