మా ఆయన పోల్చుకున్న కోటు

అకిల్ దీవి, నవంబరు 1

అమ్మకు, ఇక్కడందరం క్షేమం, నా కడుపుమంట తప్ప.

నిన్న సావిన్ పండగ. చచ్చినవాళ్ళు ఇళ్ళకొచ్చే పూట మనల్ని ఆనవాలు పట్టకూడదని నువ్వు నేర్పినట్టే మొహానికి గోనెగుడ్డ కట్టుకుని, మా ఆయన కోల్మన్ పాత కోటు తొడుక్కున్నాను. పక్కింటికని చెప్పి, వేషాల గుంపుతో వచ్చి మా తలుపే తట్టాను. ముసుగుల్లో ఎవరెవరో ఇంటాయన చెప్పాలి కదా!

రేవు దగ్గరి డెల్యా నెత్తి నుంచి మోకాళ్ళ దాకా గడ్డి వేషంలోనే ఉంది. అయినా గడప దాటిందో లేదో, "డెల్యా! ఆ నడక ఎక్కడ దాగుతుందే!" అన్నాడు మా ఆయన. తర్వాత నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఎవడివిరా నువ్వు? కోటు మాత్రం నాదే!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. డెల్యాకి దోసెడు హేజెల్ గింజలు ఇచ్చాడు, నాకు ఒక ఆపిల్, అదీ మచ్చది.

ఎర్రావు ఈనిందా? నా ఉన్ని శాలువా పంపు, గాలి కొరికేస్తోంది. పండగ రొట్టెలో దాచిన ఉంగరం ఎవరికొచ్చింది, ఈ ఏడు పెళ్ళి ఎవరికి? ముసుగులో నాన్న నిన్నెప్పుడైనా పోల్చుకున్నాడా? లేదనే రాయి, నాకు కాస్త నిద్ర పడుతుంది. ఈ కార్డు పోస్టుమాన్ చదివితే చదవనీ.

మీ అందరినీ దేవుడు చల్లగా చూడాలి.

నీ కూతురు,
హనోరా

కోటేదని పొద్దుట్నుంచీ వెతుకుతున్నాడు. కత్తిరించి మసిగుడ్డలు చేశాను. ఇప్పుడు పోల్చుకోమను.