గమ్ము పూసిన కెమెరా

కొనుగోళ్ల మేనేజర్ బద్రీనాథ్ గారికి,

ఫ్యాక్టరీలో వాడటానికి కెమెరా లేని కంప్యూటర్ ఒకటి, ఇంటి దగ్గర వాడటానికి మామూలుది ఒకటి కావాలని నేను ముందే అడిగాను. "ఒక మనిషికి రెండెందుకమ్మా?" అని నవ్వి, మీరు ఒకే ల్యాప్‌టాప్ కొన్నారు.

లోపల ఫొటోలు తీయకూడదని మన బొంతపల్లి ఫ్యాక్టరీ గేటులో కెమెరాకు స్టిక్కర్ వేస్తారు. వెలిమెలలోని మా ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీటింగు కోసం దాన్ని పీకేదాన్ని. పోయిన నెల సెక్యూరిటీ గార్డు అహరోను, "మీరు స్టిక్కర్ పీకుతున్నరని సార్లు నన్ను తిడుతున్నరు మేడమ్. ఇగ పరేషానే లేదు" అంటూ కెమెరా మీద గట్టి గమ్ము పూసేశాడు. అతన్ని నేనేమీ అనను.

కానీ నిన్న హెచ్ఆర్ నుంచి నోటీసు వచ్చింది. మీటింగుల్లో ముఖం కనిపించలేదు కాబట్టి నేను ఇంటి నుంచి చేసిన రోజులన్నీ గైర్హాజరట! మరి ఆ మీటింగుల్లో గంటల తరబడి మాట్లాడింది ఎవరండీ, మా పక్కింటావిడా? మీకు ఫోన్ చేస్తే, "జెర అడ్జస్ట్ గావాలమ్మా" అన్నారు.

సరే, అడ్జస్ట్ అయ్యాను. సోమవారం నుంచి ఇంటి నుంచి చేయాల్సిన పని కూడా మీ గేటు బయట స్టూలేసుకుని చేస్తాను. అక్కడి సీసీ కెమెరాలో నా ముఖం బాగా కనిపిస్తుంది. చూసి హాజరు వేయమనండి.

అప్పటిదాకా ఎవరికీ కనిపించని,
మీ క్వాలిటీ విభాగం ఉద్యోగిని