హారన్ కొట్టని బండి

ఆదివారం, రాత్రి.

మారథాన్ అయిపోయింది. నలభై రెండు కిలోమీటర్లు ఉరికింది నేనేనా అని ఇంక కాళ్లు ఒత్తుకుంట చూసుకుంటాన.

తప్పు నాదే. ముందురోజు కడుపునిండ తినాలెనని కోచ్ సార్ ఎన్నిసార్లు చెప్పిన్రు! నిన్న శనివారం కదా, ఎప్పటిలెక్కనే ఒక్కపొద్దు ఉన్న, రాత్రికి రెండు పండ్లే తిన్న. కాజీపేట బ్రిడ్జి ఎక్కంగనే కండ్లు తిరిగినయ్. మా ఆయన పక్కనే స్కూటర్ ఆపిండు. "ఇగ చాలు, ఎక్కు. దుకాణం తెరవాలె" అన్నడు.

పెండ్లైనకాడికెళ్లి ఈయన ఎక్కుమంటె ఎక్కుడే నాకు తెలుసు. ఇయ్యాల "మీరు పోండ్రి, నేనొస్త" అన్న. ఆ మాట నా నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో! ఆయన చేతుల అరటిపండు గుంజుకొని తిన్న. జరసేపు నడిచిన, మళ్ల ఉరికిన.

ఇప్పుడు మోకాళ్లు వంగుతలేవు. రేపు దుకాణంల ఎట్ల నిలబడుదునో. వచ్చే శనివారం ఒక్కపొద్దుండాల్నా, వద్దా... అది గూడ తేలలే.

రోజూ నేను గడప దాటుడు నిమిషం లేటైతె హారన్ మోతెక్కించే మనిషి, బ్రిడ్జి కాడికెళ్లి ఆఖరుదాక నా వెనకనే మెల్లగ వచ్చిండు. ఒక్కపారి గూడ హారన్ కొట్టలే.