పచ్చకామెర్లు అని చెప్పాను

2006 జూన్ 12, సోమవారం

బుల్లబ్బాయిని ఇంటికి పంపించారు. పదకొండు రోజులు పంజాగుట్ట ఆసుపత్రిలో ఉన్నాడు. కుడికాలి పిక్కలో రక్తం గడ్డ కట్టి, ఆ ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయిందట. ఇంకో పూట ఆలస్యమైతే నా కొడుకు దక్కేవాడు కాదన్నారు.

మైత్రీవనం వెనక సందులో వాడిది జిరాక్స్ షాపు. పొద్దున తొమ్మిదికి స్టూలెక్కితే రాత్రి పదికి దిగుతాడు. జావా నోట్సు, ఒరాకిల్ నోట్సు, కోర్సుల పిల్లలు క్యూ కట్టి తీయించుకుంటారు. కూర్చుని కూర్చుని వచ్చిందనుకున్నాను. అదొక్కటే కాదన్నారు డాక్టర్లు.

ఈ పుస్తకం ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. రక్తం పల్చబడే మాత్ర వేసుకున్నాడా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చిందా, రోజూ రాయాలి. వాడు నా వల్ల కాదన్నాడు. నేను రాస్తానన్నాను. ఐదో తరగతి చదివాను, ఆ మాత్రం రాయగలను.

మాత్ర వేసుకున్నాడు. రక్తం రాలేదు.

జూన్ 13

మాత్ర వేసుకున్నాడు. ఆకుకూరలు ఎక్కువ పెట్టొద్దన్నారు. ఎంతైతే ఎక్కువో చెప్పలేదు. చారులో కొత్తిమీర వేశాక అదీ ఆకేగా అని భయమేసింది. గరిటెతో ఏరి పారేశాను.

జూన్ 19, సోమవారం

రక్తపరీక్షకు తీసుకెళ్ళాను. పై అంతస్తులో ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. పేరు అర్షియా. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇలా గడ్డలు ఎందుకు కడతాయో రీసెర్చ్ చేస్తోందట. రక్తం ఊరికే గడ్డ కట్టకుండా ఆపే పదార్థం ఒకటి అందరి ఒంట్లో ఉంటుందట. బుల్లబ్బాయికి అది సగమే ఉందట. పుట్టుకతోనే. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండాలట.



కాగితం మీద మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీసింది. మా ఆయన ఎలా పోయారని అడిగింది. నలభై రెండో ఏట పొలం నుంచి వచ్చి, మంచినీళ్ళడిగి, గ్లాసు అందుకోకుండానే పడిపోయారని చెప్పాను. గుండె అన్నారు అప్పుడు. రాసుకుంది. ఇంకా పిల్లలున్నారా అంది. కూతురు ఉండేది, కమలకుమారి, ఇరవయ్యో ఏట పోయింది, దాని పిల్ల మా దగ్గరే ఉందన్నాను. మీ అమ్మాయి ఎలా పోయిందంది.

పచ్చకామెర్లు అని చెప్పాను.

బుల్లబ్బాయి నా మొహంలోకి చూశాడు. వాడికి తెలుసు. కమల పురిటిమంచం మీద, పద్దెనిమిదో రోజున పోయింది. పొద్దున కాలు లాగుతోందంది. మధ్యాహ్నం ఆయాసమంది. దీపాలు పెట్టేవేళకి లేదు. పక్కలో పసిగుడ్డు ధాత్రి ఏడుస్తూనే ఉంది. కమల మొగుడు రెండేళ్ళకే వేరే పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని చూడటానికి ఒక్కసారీ రాలేదు. నేనూ బుల్లబ్బాయీ పెంచాం. దాని కోసమే వాడు తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు.

డాక్టరమ్మ కలం ఆపి, "జర బాగా గుర్తు చేసుకోండమ్మా. కాన్పు తర్వాత పోయిన ఆడపిల్ల ఎవరన్నా ఉంటే, ఇప్పుడు ఇంట్లో ఉన్న ఆడపిల్లకు నేను చెప్పాల్సిన జాగ్రత్తలు చాలా ఉంటయి" అంది.

ఎవరూ లేరన్నాను.

మీ మనవరాలు నెలసరికి గానీ, పిల్లలు పుట్టకుండా గానీ మాత్రలు వాడుతుందా అని కూడా అడిగింది. పెళ్ళికాని పిల్లని పట్టుకుని అదేం మాట. లేదన్నాను. ఒకసారి తీసుకురండి, రక్తం చూస్తానంది. సరేనన్నాను.

ఆటోలో వాడు ఎందుకమ్మా అలా చెప్పావన్నాడు. ధాత్రికి సంబంధం కుదిరి వారం కాలేదు. శ్రీనగర్ కాలనీ వాళ్ళు. అబ్బాయి వంశీధర్, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. వాళ్ళింట్లో ఎవరికి ఏమొచ్చినా ఇదే ఆసుపత్రి. పిల్ల రక్తంలో జబ్బుందని, తల్లి పురిట్లో పోయిందని కాగితం మీద ఎక్కాక ఎవరు చేసుకుంటారు? నాకేం తోచలేదు, అదే నోటికొచ్చింది అన్నాను. 

జూలై 2, ఆదివారం

ధాత్రికి తాంబూలాలు పుచ్చుకున్నాం. వంశీధర్ తల్లి ఛాయాదేవిగారు విజయవాడ మనిషి. మాట కటువు, మనసు ఎలాంటిదో తెలియదు. ధాత్రి తల్లి ఎలా పోయిందని అడగనే అడిగింది.

రెండోసారి చెప్పడం తేలికైంది.

జూలై 8

డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఇది మూడోసారి. ధాత్రి బేగంపేట ఆఫీసులో ఉంది, ఏ ఇన్సూరెన్సువాళ్ళవో క్లెయిములు చూస్తుంది, రోజుకి పది గంటలు కుర్చీలోనే. ఊరెళ్ళిందని చెప్పాను. పెళ్ళయ్యాక చూపిద్దాం, అప్పుడు ఏం తేలినా పిల్ల మన చేతి కింద ఉండదు, వాళ్ళింటి మనిషి అయిపోతుంది. ఇలా రాస్తుంటేనే నాకు సిగ్గుగా ఉంది.

మాత్ర వేసుకున్నాడు.

జూలై 21, శుక్రవారం

ముహూర్తం ఆగస్టు పది. పన్నెండున వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. నేను క్యాలెండరు ముందు కూర్చుని వేళ్ళు మడిచాను. ధాత్రికి నెలసరి ఎనిమిదిన రావాలి. ఒక రోజు అటూ ఇటూ. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదే.

పీటల మీద కూర్చునే పిల్ల బయట ఉంటే ఎలా? ముహూర్తం మార్చమంటే పిల్లని గురించి ఏదో ఉందనుకుంటారు. 

ఆగస్టు 3

ఐలయ్య మెడికల్ షాపుకి నేనే వెళ్ళాను. మెల్లిగా చెప్పాను. నేను ఇంకా పూర్తి చేయకముందే స్ట్రిప్పు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "గీ పెళ్ళిళ్ళ సీజన్ల రోజుకు పది మంది అడుగుతరమ్మా. మూడు పూటలు, మూడు రోజుల ముందుకెల్లి షురూ చేయిమను. ఫికర్ చేయకు" అన్నాడు.

చీటీ అడగలేదు. నేను ఫికరు చేశాను. డాక్టరమ్మ ఏదో మాత్రల మాట అడిగింది కదా అని మెట్ల మీద ఆగాను. అవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి. ఇవి దేవుడి పని కోసం. రెండూ ఒకటెలా అవుతాయి?

ఆగస్టు 5, శనివారం

ధాత్రి మొదటి మాత్ర వేసుకుంది. పెళ్ళివాళ్ళకి అబద్ధం, దేవుడికి టాబ్లెట్, బాగుంది అమ్మమ్మా నీ ఏర్పాటు అని నవ్వింది. పిచ్చిదానికి అన్నీ నవ్వులాటే. ఏ అబద్ధం గురించి అందో అడగలేదు.

బుల్లబ్బాయి షాపు నుంచి వచ్చాడు. ఈ మాత్రల సంగతి వాడికి చెప్పలేదు. ఆడవాళ్ళ విషయం.

ఆగస్టు 10

పెళ్ళయింది. నెలసరి రాలేదు.

ఆగస్టు 12, శనివారం. శ్రీనగర్ కాలనీలో

ధాత్రికి తోడుగా నేనూ అత్తగారింటికి వచ్చాను. పుస్తకం వెంట తెచ్చాను. బుల్లబ్బాయి తన మాత్ర తనే వేసుకుంటాడట, చూడాలి.

వ్రతం మూడు గంటలు పట్టింది. పిల్ల పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుంది. లేచేటప్పుడు వంశీధర్ చెయ్యి పట్టుకుంది. వచ్చినవాళ్ళు ఆట పట్టించారు. ఎడమకాలు మొద్దుబారిందమ్మమ్మా అని నా చెవిలో చెప్పింది.

గదిలో కాళ్ళు చూశాను. పసుపూ పారాణీ దట్టంగా ఉన్నాయి, ఏ రంగుందో తెలియలేదు. కుడికాలి మెట్టె వదులుగా తిరుగుతోంది. ఎడమకాలిది కండలోకి దిగిపోయింది. సబ్బు రాసినా రాలేదు. కొత్త మెట్టెలు, అలాగే ఉంటాయన్నాను.

అన్నాను గానీ కూర్చోలేకపోయాను.

ఆగస్టు 13, ఆదివారం

ఎప్పుడు రాస్తున్నానో తెలియదు. వరసగా రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి ధాత్రి మెట్లెక్కి వచ్చి మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఆయాసం. వీపులో పోటు. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. చూడగానే నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు. తెలిసింది. ఇరవై మూడేళ్ళ కిందట చూశాను ఆ కూర్చోవడం.

కాలనీ మలుపులో చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. వంశీధర్, ఛాయాదేవిగారు, నేను తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు గుండెకి తీగలు పెట్టి చూశాడు. ఏమైనా మందులు వాడుతోందా అని అడిగాడు. ధాత్రి నా వైపు చూసింది. మొగుడి ముందు ఎలా చెప్పాలో తెలియక చూసింది. లేదండీ అన్నాను. ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా అన్నాడు. ఛాయాదేవిగారు నా పక్కనే ఉంది. ఆవిడ చీర కుచ్చెళ్ళు నా కాలికి తగులుతున్నాయి.

లేదండీ అన్నాను.

ఉపవాసం వల్ల నీరసం, గ్యాసు, కొత్త పెళ్ళికూతురి కంగారు అన్నాడు. ఇంజెక్షన్ ఇచ్చి పంపించాడు. కాలు ఎవరూ చూడలేదు. నేను చూపించలేదు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాం. పదకొండు. పన్నెండు. తగ్గుతుందని కూర్చున్నాను. బుల్లబ్బాయికి ఫోన్ చేద్దామని రెండుసార్లు లేచాను. ఫోన్ హాల్లో ఉంది, హాల్లో అందరూ ఉన్నారు. ఒకటిన్నరకి పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఛాయాదేవిగారి చెయ్యి పట్టుకున్నాను. మా కమలకి పచ్చకామెర్లు కావు, బాలింతగా ఉండి ఇలాగే పోయింది, నా కొడుక్కి కూడా ఇదే, పిల్ల నెలసరి ఆగే మాత్రలు మింగుతోంది, అంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ పొయ్యి మీద కుక్కరు అలాగే వదిలేసి కొడుకుని కేకేసింది. 

కారులో పది నిమిషాల దూరం. పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవరు పనులకి రోడ్డంతా తవ్వేసి రేకులు అడ్డం పెట్టారు. వంశీధర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. ఎవరూ కదల్లేదు, కదిలే చోటు లేదు. ధాత్రి తల నా ఒళ్ళో ఉంది.

"అమ్మమ్మా, మా అమ్మకీ ఇంతేనా?" అంది.

కాదమ్మా, పచ్చకామెర్లు అన్నాను.

నమ్మిందో లేదో. మళ్ళీ మాట్లాడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచర్ మీదకి ఎక్కించారు. అర్షియా డాక్టరమ్మని నేను పేరు పెట్టి అరిచి పిలిచాను. ఆదివారం, ఆవిడ లేదు. ఉన్నవాళ్ళు గంటసేపు ఛాతీ మీద ఒత్తారు.

ఆగస్టు 14

బుల్లబ్బాయి మాత్ర వేసుకోనన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను. వేసుకున్నాడు.

ఆగస్టు 25, శుక్రవారం

ఛాయాదేవిగారు వచ్చింది. పిల్ల చీరలు, ఆఫీసు బ్యాగు తెచ్చింది. వంశీధర్ గదిలోంచి బయటికి రావడం లేదట. కాఫీ ఇస్తే తాగింది. తిడుతుందని కూర్చున్నాను. తిడితే బాగుండును. లేచి వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"మీరు ముందే చెప్పి ఉంటే పెళ్ళి ఆగేది కాదండీ. ఆ మాత్రలు ఆగేవి."

నిజంగా ఆగేది కాదా అని అడగాలనిపించింది. అడిగితే ఏం చెప్పినా నేను బతకలేను.

బుల్లబ్బాయి నాతో మాట్లాడి పన్నెండు రోజులు.

సెప్టెంబరు 6

ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. అర్షియా డాక్టరమ్మకి అన్నీ చెప్పాను. కమల సంగతి, ఫోనులో చెప్పిన అబద్ధాలు, ఐలయ్య స్ట్రిప్పు, మెట్టె. ఆవిడ రాయడం మధ్యలో ఆపేసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మళ్ళీ పెట్టుకుని, కమల కాన్పయిన తేదీ అడిగింది.

నా రక్తం కూడా తీసుకోమన్నాను. కమల పోయినప్పుడు మా అత్తగారు నలుగురిలో అంది, నీ కడుపున పడటమే వాళ్ళకి గండం అని. అప్పుడు ఏడ్చాను. ఇన్నేళ్ళూ లోపల ఆ మాటే నమ్మాను. నా రక్తంలోది అందరికీ పంచానని. దాన్ని ఎవరూ చూడకూడదనే కప్పాను. ఇప్పుడు కాగితం మీద రాసి చూపిస్తే, ఇంకెవరి పిల్లకైనా పనికొస్తుందేమో.

మూడు చిన్న సీసాలు తీసుకున్నారు. నొప్పి లేదు.

అక్టోబరు 9

రిజల్టు వచ్చింది. నా రక్తంలో ఏ లోపమూ లేదట. ఆ గుణం మా ఆయన వైపు నుంచే వచ్చి ఉండాలట. మీకేం భయం లేదమ్మా, చాలా ఏళ్ళుంటారు అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి చాప మీద పడుకుని నా ఊపిరి నేనే వింటూ ఉన్నాను. ఎక్కడా ఆగలేదు.