బాతు కూర్చున్న పళ్ళెం

అలెగ్జాండ్రియా నుంచి

షాకిర్ అన్నయ్యకు నీ చెల్లెలు నఫీసా సలాములు. ఇక్కడ అందరం బాగున్నాం. మిమ్మల్ని చూడలేదన్న లోటు ఒక్కటే.

అసలు సంగతికి వస్తా. నీ మేనకోడలు సుహైర్‌కి సంబంధం కుదిరింది, దాదాపు. అబ్బాయి రేవులో గుమాస్తా, నెమ్మదస్తుడు. వాళ్ళింట్లో మాట చెల్లేది మాత్రం నాన్నమ్మది. పేరు తఫీదా, హజ్‌కి వెళ్ళొచ్చింది గనక అందరూ హాజ్జా అంటారు. పెళ్ళికి ముందు మన ఊరి పిల్లేనట. నేను ఫలానా వాళ్ళమ్మాయినని చెప్పగానే కాఫీ కప్పు కింద పెట్టింది.

"మీ అమ్మ చేసే బస్బూసా మిఠాయి అంటే ఊరంతా చెప్పుకునేవాళ్ళు. సంబంధం ఖాయం చేసుకుని ఫాతిహా చదువుకునే రోజున అది నాకు పెట్టు తల్లీ. మీ అమ్మ ఏ పళ్ళెంలో చేసేదో అందులోనే చెయ్యి. మిగతా మాటలు ఆ తరవాత" అంది.

నేనూ నవ్వి సరేనన్నాను. నా దగ్గరున్నవి చేపలు వేయించే పెనమూ, పప్పు కుండా. అమ్మ రాగి పళ్ళెం నీ దగ్గరే కదా ఉంది. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు.

నీ చెల్లెలు
నఫీసా

తా.క. రవ్వా, నెయ్యీ, పంచదారా నేను చూసుకుంటాను. పళ్ళెం ఒక్కటే పంపు, సలహాలు వద్దు.


ఊరి నుంచి

నా కంటి వెలుగు చెల్లెలు నఫీసాకి అన్నయ్య షాకిర్ సలాము. గేదెతో సహా అందరం క్షేమం.

పళ్ళెం పంపలేను. అందులో బాతు ఉంది. వండిన బాతు కాదు, కూర్చున్న బాతు. మీ హమీదా వదిన పళ్ళేన్ని తోమి డాబా మీద ఎండబెట్టింది. గాలికి కాస్త గడ్డి వచ్చి పడింది. బాతు చూసి ఈ ఏర్పాటంతా తనకోసమే అనుకుంది. ఇప్పుడు గుడ్లు పొదుగుతోంది. "పొదిగేదాన్ని లేపితే ఇంటికి అరిష్టం" అంటుంది మీ వదిన. "మరి మేనకోడలి సంగతో?" అన్నాను. "మేనకోడలు ఇంకా గుడ్లు పెట్టలేదుగా, ఆగుతుంది" అంది.

అందుకని కొలతలు పంపుతున్నా. ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండున్నర జానలు. అలాంటిదే ఒకటి చేయించుకో. అమ్మ ఆ పళ్ళెం తలమీద పెట్టుకుని ఊరి రొట్టెల బట్టీకి వెళ్తుంటే నువ్వు ఆమె ముసుగు కొస పట్టుకుని నడిచేదానివి. నేను వాసన వెంట నడిచేవాణ్ణి. వచ్చేటప్పుడు నన్ను ముందు నడవమనేది, వెనకుంటే తప్పిపోతానని. నిజానికి పళ్ళెంలో చెయ్యి పెడతానని.

మీ అన్నయ్య
షాకిర్

తా.క. ఆ అర జాన దగ్గర బాతు పొడిచింది. అక్కడ లెక్క కొంచెం అటూ ఇటూ అయి ఉండొచ్చు.

మళ్ళీ తా.క. సలహాలు వద్దన్నావు గనక బస్బూసా వేడిగా ఉండగానే చల్లారిన పాకం పొయ్యాలని నేను చెప్పట్లేదు.


అలెగ్జాండ్రియా నుంచి

షాకిర్ అన్నయ్యకు సలాములు. ఒంట్లో బాగానే ఉంది. మనసు సంగతి అడక్కు.

రేకుల పనివాడి దగ్గరికి వెళ్ళి రెండున్నర జానలన్నాం. "ఎవరి జానమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు సుహైర్ వాళ్ళ నాన్న చెయ్యి చాచేశారు. ఆ చెయ్యి నీకు తెలుసుగా. రేవులో మూటలెత్తే చెయ్యి. పుచ్చకాయని నారింజలా పట్టుకుంటారు.

పళ్ళెం తయారైంది. మా ఇంటి పొయ్యిలోకి దూరలేదు. వీధి చివరి బట్టీకి మోయించాం. అమ్మ పాళ్ళ ప్రకారం కలిపిన రవ్వ అందులో గోడకి సున్నం కొట్టినట్టు పరుచుకుంది. కాలి వచ్చింది బస్బూసా కాదు, ఇంటిపెంకు. ఆయన ఒక ముక్క కొరికి, "రుచికేం, బాగానే ఉంది. పన్ను ఎటు పడిందో చూడు" అన్నారు.

ఆ భయానికి రెండోసారి పప్పు కుండలో పోశాను. పైన బొగ్గు, లోపల జావ. పక్కింటావిడ వచ్చి చూసి, "పోనీలే, పిల్ల చదువుకుంది కదా" అని ఓదార్చి వెళ్ళింది.

నవ్వకు అన్నయ్యా. హాజ్జా అడిగింది ఒక్కటే, నేను ఒప్పుకున్నదీ అదొక్కటే. అది కూడా చెయ్యలేని ఇంటి పిల్లని వాళ్ళెందుకు చేసుకుంటారు? సుహైర్ పైకి ఏమీ అనదు. ఆ అబ్బాయి పేరు ఎవరన్నా ఎత్తితే మాత్రం తుడిచిన చెంచాలే మళ్ళీ తుడుస్తోంది. వదినకి చెప్పు, నేను ఆమె బంగారమేం అడగలేదు.

నీ చెల్లెలు
నఫీసా

తా.క. పెద్ద పళ్ళెం వృథా కాలేదు. పక్కింటావిడ మనవలు కవలలు. ఇద్దరికీ ఒకేసారి అందులో స్నానం.


ఊరి నుంచి

నా చెల్లెలు నఫీసాకి సలాము. నేను క్షేమం. మీ వదిన క్షేమమే గానీ మాట్లాడట్లేదు.

నీ ఉత్తరం ఆమెకి పైకి చదివి వినిపించాను. బంగారం దగ్గర ఆపాల్సింది. చదువు చెప్పిన షేక్ గారు అక్షరాలు కలుపుకుంటూ పొమ్మన్నారే గానీ ఎక్కడ ఆపాలో నేర్పలేదు. "నేను పళ్ళెం దాచుకున్నానా? అయితే ఆ శుభకార్యానికి నేను రాను" అంటోంది. ఇంట్లో ఇప్పుడు వేడి అన్నం బాతుకే.

జానలు మర్చిపో. అమ్మ ఏనాడూ జానలు కొలవలేదు, కలిపిన రవ్వలో చూపుడువేలు ముంచేది. మొదటి గీత దాటితే చాలు, రెండో గీత దాటనిచ్చేది కాదు. ఒక ఏడు పళ్ళెం కళాయి పూతకి వెళ్ళి రాలేదు. టీ పళ్ళెంలో కొంత, మూకుడులో కొంత పోసి, మిగిలింది సార్డీను చేపల ఖాళీ డబ్బాల్లో పోసింది. చిన్నవి ముందు తీసింది, పెద్దవి తరవాత. అన్నీ ఒకేలా కాలాయి. నాకు డబ్బాలోది వచ్చింది. అంత బాగున్న బస్బూసా మళ్ళీ తినలేదు. కొంచెం సముద్రం వాసన వచ్చేదనుకో.

ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ దించు. వెడల్పు గిన్నె అయితే తొందరగా తియ్యి. ఇరుకుదైతే తక్కువ పొయ్యి. వేలు నీది, భయం దేనికి.

మీ అన్నయ్య
షాకిర్

తా.క. డబ్బాలు బాగా కడుగు.


అలెగ్జాండ్రియా నుంచి

షాకిర్ అన్నయ్యకు. సలాములు, తొందరలో రాస్తున్నా.

వేలు లెక్క కుదిరింది. మెత్తగా వచ్చింది. కానీ సుహైర్ వాళ్ళ నాన్న డబ్బాల కోసం రేవంతా తిరిగి, ఎవరిని అడిగారనుకున్నావు? పెళ్ళికొడుకునే. అతను దాచకుండా నాన్నమ్మకి చెప్పాడు. హాజ్జా కబురు పంపింది: "డబ్బాల్లో ఎందుకు? పళ్ళెం ఏమైంది? అమ్ముకున్నారా? పళ్ళెం కనపడకపోతే ఫాతిహా సంగతి మళ్ళీ ఆలోచించాలి."

వచ్చే శుక్రవారమే వస్తోంది. బాతుని ఏం చేస్తావో నాకు తెలీదు అన్నయ్యా. సుహైర్ ఇప్పుడు చెంచాలు కూడా తుడవట్లేదు. ఊరికే కూర్చుంటోంది.

నీ చెల్లెలు
నఫీసా

తా.క. వదిన కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. ఇది పైకి చదువు.


ఊరి నుంచి

నా చెల్లెలు నఫీసాకి సలాము.

పైకి చదివాను. చివరిదాకా విని మీ వదిన ముసుగు సర్దుకుంది. "ఊరికే కూర్చుంటోందా పిల్ల?" అని అడిగింది. తరవాత డాబా ఎక్కి, పళ్ళేన్ని బాతుతో, గడ్డితో, గుడ్లతో సహా దించింది. గురువారం రైలుకి వస్తోంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంటుందట. బాతుకి టికెట్ లేదు. టికెట్ల ఆయన మీ వదినతో వాదిస్తే ఆయనకే కష్టం.

గేదె ఈనే రోజులు, నేను రాలేను.

మీ అన్నయ్య
షాకిర్

తా.క. బాతుకి ఎడమవైపు నుంచి వెళ్ళొద్దు.


అలెగ్జాండ్రియా నుంచి

మా పెద్దదిక్కు షాకిర్ అన్నయ్యకు నఫీసా సలాములు. వదిన, సుహైర్, బాతు అందరూ కులాసా.

హాజ్జా వచ్చింది. నేను డబ్బాల్లోనూ, టీ పళ్ళెంలోనూ చేసిందంతా వరసగా పేర్చాను. ఆవిడ దానివైపు చూడలేదు, సుహైర్ వైపూ చూడలేదు. "పళ్ళెం?" అంది. బాల్కనీలో ఉందన్నాను. కర్ర ఊతంగా వెళ్ళి బాతు ముందు నిలబడింది.

"అయ్యో, పొదుగుతోందా, లేపకండి" అని కింద చతికిలబడింది. చూశావా, వదిన మాటే. అంచు కింద వేళ్ళతో తడిమింది. "ఇదిగో చేప బొమ్మ. మా నాన్న చెక్కించాడు" అని కళ్ళు తుడుచుకుంది.

విను అన్నయ్యా. అది అమ్మ పళ్ళెం కాదు. హాజ్జా పెళ్ళి సామానులోది. ఆవిడ పెళ్ళికి ముందు వచ్చిన పండగకి ఊళ్ళో ఆడవాళ్ళందరూ బట్టీ మీద పడ్డారట. ఆ తోపులాటలో ఆవిడ పళ్ళెం మన ఇంటికొచ్చింది, అమ్మది ఆవిడకి పోయింది. ఇక్కడికొచ్చి సామాను విప్పాక చూసుకుందట. "కొత్త పెళ్ళికూతురు పళ్ళెం కోసం పుట్టింటికి పరిగెత్తితే నవ్వరూ? బస్బూసా ఎవడిక్కావాలి తల్లీ, నాకు పంచదార జబ్బు. మా నాన్న పళ్ళెం ఒక్కసారి చూసుకుందామని అడిగాను" అంది.

అని, తన నల్ల ముసుగు కిందనుంచి పాత పళ్ళెం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. వెనక మేకుతో గీసిన అమ్మ పేరు, వంకరగా. నాన్న రాత అన్నయ్యా. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. వదినే కాఫీ కాచింది.

ఫాతిహా చదివారు. బాతుపిల్లలు బయటికొచ్చాక ఆవిడ పళ్ళెం ఆవిడకి. పెళ్ళి కూడా ఆ తరవాతే, లేచినప్పుడు చెబుతుందిలే బాతు అంది హాజ్జా.

పొద్దున అమ్మ పళ్ళెంలో చేశాను. ఒకవైపు మాడింది. మొత్తం మేమే తినేశాం, నీకు మిగల్లేదు.

నీ చెల్లెలు
నఫీసా

తా.క. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో హాజ్జా ఏమందో తెలుసా? "మీ అమ్మకి అంత పేరెందుకు వచ్చిందనుకున్నావు? నా పళ్ళెం." నాకు మాట నోటిదాకా వచ్చింది గానీ ఆడపిల్ల తల్లిని, మింగాను. వదిన మింగలేదు. "అవును హాజ్జా, మరి ఆ పళ్ళెం మీ దగ్గరున్నప్పుడు మీకెందుకు రాలేదు పేరు?" అంది. ఆవిడ కర్రమీద వాలి చాలాసేపు నవ్వింది. ఇకనుంచి వదిన ఏం చెప్పినా ఎక్కడా ఆపకుండా నాకు రాసి పంపు.