వెనుక వరుసలో పోయిన ఐదు నిమిషాలు

క్రీడల అధికారి గారికి,
సూర్యాపేట.

అయ్యా,

విషయం: నేను పరుగెత్తని ఐదు నిమిషాల పది సెకన్లను నా పేరు మీది నుండి తొలగించుట గురించి.

చివ్వెంల మండల వాస్తవ్యుడను, గొర్రెల కాపరిని, వయస్సు 54, సోమయ్య అను నేను మనవి చేయునది:

1. గత నెల సూర్యాపేటలో వరికంకి పరుగు సంఘము వారు జరిపిన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగులో పాల్గొంటిని. సర్టిఫికెట్టులో నా సమయం 2 గంటల 3 నిమిషాల 50 సెకన్లు అని ఉన్నది.

2. సదరు సమయం జెండా ఊపినప్పటి నుండి లెక్కించబడినది. అప్పుడు నేను అందరికన్నా వెనుక ఉంటిని. కాపరి మంద వెనుకే నడుస్తాడు. ముందు నడిస్తే ఏది తప్పిపోయిందో తెలియదు. బయలుదేరే గీత మీది కమాను ఇరుకైనందున నా ముందున్న 412 మంది గీత దాటేసరికి నా గడియారంలో 5 నిమిషాల 10 సెకన్లు అయినవి. ఎవరూ తప్పిపోలేదు. ఆ తర్వాతనే నేను దాటితిని. కావున నా అసలు సమయం 1 గంట 58 నిమిషాల 40 సెకన్లు. సంఘము వారి వీడియోలో చివర ఒంటరిగా వచ్చేది నేనే.

3. నా బావమరిది సుధాకర్, మిర్యాలగూడ రైస్ మిల్లు గుమస్తా, బ్యానరు పట్టుకొని మొదటి వరుసలో ఉండెను. అతని సమయం 2 గంటల 1 నిమిషం 20 సెకన్లు. నాకంటే ముందు చేరిన మాట నిజం. ముందు బయలుదేరిన మాట కూడా నిజం. రోజూ ఫోన్ చేసి, "ఏం బావా, గొర్లన్నీ వచ్చినయా? ఇగ నువ్వెప్పుడొస్తవ్?" అని అడుగుచున్నాడు.

4. గొర్రెల లెక్క రాసే పుస్తకంలోనే నా పరుగు లెక్క కూడా రోజూ రాస్తాను. నిరుడు ఉగాదికి ఇదే దూరం 2 గంటల 31 నిమిషాలు. మొదట ఉరికి, చివర కూలబడేవాణ్ణి. మొదటి సగం నెమ్మదిగా పోవడం నేర్చుకున్నాక వానాకాలానికి 2 గంటల 14, చలికాలానికి 2 గంటల 6.

5. ఈసారి రెండు గంటల లోపు రాకుంటే పరుగు మానేస్తానని నా భార్య జంగమ్మకు మాట ఇచ్చి ఉంటిని. పుస్తకం చూపితే, "ముద్దర ఉన్న కాయితం నమ్మాల్నా, నీ గొర్ల బుక్కు నమ్మాల్నా?" అన్నది. ఆమె తప్పు లేదు. బూట్లు దొడ్డి తడికకు వేలాడుతున్నవి. ఇరవై మూడు రోజులు. పొద్దున ఐదింటికి మెలకువ మాత్రం వస్తున్నది.

6. కోదాడ పరుగులో బూటుకు చిప్ కట్టారు. ఎవరు ఎప్పుడు గీత దాటితే అప్పటి నుండే వారి లెక్క. ఇక్కడా అట్లే ఉండవలెను.

బహుమతి అక్కరలేదు. ముద్దర గల సరైన కాగితం ఇప్పించుటకై నా ఐదు నిమిషాల పది సెకన్లను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సోమయ్య
(వెనుక వరుస)

తా.క.: వచ్చేసారి ముందు నిలబడతానని రాసివ్వమంటే ఇవ్వలేను. చిప్ పెట్టడమే సులువు. తమ ఆఫీసు వరుసలో కూడా చివరనే నిల్చుని ఇది రాస్తున్నాను. నా ముందు పదకొండు మంది. అందరూ తమ గదిలోకి క్షేమంగా చేరారు. ఇక నేనే.