కాజీపేట దాకా నిలబడి

గోదావరిఖని,
ఆదివారం.

చిరంజీవి హర్షిణిని బాపు దీవించి రాసేది. మేం ముగ్గురం తింటున్నాం, తిరుగుతున్నాం, పోట్లాడుకుంటున్నాం, అంటే బాగున్నామనే. నువ్వూ బాగున్నావని తలుస్తాను. పరీక్షలయ్యేదాకా మీ నర్సింగు హాస్టల్లో ఫోన్లు తీసుకున్నారని రాశావు. ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే ఈ సంగతి నేను చెప్పలేను. నువ్వు మధ్యలో "ఏంది బాపూ, సక్కగ చెప్పు" అంటావు. సక్కగా చెప్పే బుర్ర ఇప్పుడు నాకు లేదు.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. భద్రాచలం యాత్ర ఎంతలో అయింది, హోటల్లో భోజనం పెట్టించానని అమ్మ రాసింది నిజమేనా, వరంగల్ మీదుగా పోతూ నిన్నెందుకు చూడలేదు. మొదటి రెండూ తేలిక. మూడోది చివర రాస్తాను, కోపం తెచ్చుకోకు.

నాతో బయటికి పోతే పైసలు ఎట్లా మిగులుతాయో నీకు తెలిసిందే. బస్సు వద్దు, ఎక్స్‌ప్రెస్సు వద్దు, రామగుండంలో పొద్దున్నే ప్యాసింజరు, జనరల్ టికెట్లు. ఇంటి నుంచి జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ కారం, పులిహోర డబ్బా, ఆరు సీసాల నీళ్ళు. నీ చిన్నప్పుడు సమోసాలవాడు వస్తుంటే కిటికీ అవతల లేని నెమలిని చూపించేవాణ్ణి, గుర్తుందా? ఈసారి కూడా బస్సుకయ్యే దాంట్లో సగం కాలేదు.

బండి మాత్రం కిక్కిరిసిపోయింది. ఎట్లాగో మీ అమ్మకూ నాయినమ్మకూ చోటు దొరికింది. నేను రెండు సంచులు పట్టుకుని కాజీపేట దాకా నిలబడ్డాను. నాయినమ్మ ఒకటే గొణుగుడు.

"గింత కక్కుర్తి ఏందిరా సదానందం? నౌకరి చేస్తున్నవా, బిచ్చమెత్తుకుంటున్నవా?"

"ఊకో అవ్వా, నిలబడ్డా కూసున్నా బండి గప్పుడే చేరుతది" అన్నాను.

కొత్తగూడెంలో దిగాక వాళ్ళను స్టేషన్లో నీడన కూర్చోబెట్టి, "దోస్తును కలిసొస్త, రెండు గంటలు" అని చెప్పి పోయాను. మూడు గంటలు గడిస్తే గానీ తిరిగి రాలేదు. వచ్చీ రాగానే హోటలుకు తీసుకుపోయి భోజనాలు పెట్టించాను. గడ్డపెరుగు కూడా విడిగా తెప్పించాను. మీ అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జరమొచ్చిందా ఏంది?" అంది. కాబట్టి హోటలు మాట నిజమే బిడ్డా. సంతోషం పట్టలేక పెట్టించానో, దుఃఖం పట్టలేక పెట్టించానో ఇప్పటికీ తేలడం లేదు. తర్వాత బస్సులో భద్రాచలం పోయి దర్శనం చేసుకుని, సత్రంలో పడుకుని, మర్నాడు కొత్తగూడెం వచ్చి బండెక్కాం.

ఇక మూడోది. నేను కలిసింది దోస్తును కాదు. మా బొగ్గు కంపెనీ పెద్ద దవాఖానలో మెడికల్ బోర్డు ముందు నిలబడ్డాను. బొగ్గుబాయిలో దిగే పనికి ఈ మనిషి పనికిరాడని డాక్టర్లు రాస్తే నా ఉద్యోగం నీకు వస్తుంది. నా వయసుకు ఆ అవకాశం ఇంకో ఏడాదే. నాతో పనిచేసే మీ పోశం కాక చెవిలో వేశాడు: "జల్ది చేసుకో సదానందం. ఊపిరి ఆడుతలేదను, మోకాళ్ళు వంగుతలేవను." ఆరు నెలలుగా దగ్గు నేర్చుకున్నాను. మీ అమ్మ నిజమే అనుకుని అల్లం, మిరియాలు కాచి ఇచ్చేది. సిగ్గు లేకుండా తాగాను. ఒక్కణ్ణే కొత్తగూడెం పోతే ఎందుకని అడుగుతుందని యాత్ర పేరు పెట్టాను. ఆయాసం అసలే లేదని కాదు. అందులో నిజంగా ఉన్నదెంతో, నేను కలిపిందెంతో నాకే అంతు చిక్కడం లేదు.

పోయేటప్పుడు వరంగల్లో బండి ఆగితే మీ అమ్మ "దిగుదాం, పిల్లను చూసి పోదాం" అంది. నేనే వద్దన్నాను. నువ్వు నర్సు చదువు చదివేదానివి, ఒక్కసారి దగ్గితే చాలు, దొంగదగ్గని పట్టేస్తావని భయపడ్డాను. నువ్వేమో జబ్బులు నయం చెయ్యడం నేర్చుకుంటున్నావు, నేనేమో జబ్బు ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను.

బోర్డులో ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదమన్నారు. దగ్గాల్సిన చోటల్లా దగ్గాను. అంతా అయ్యాక ఒక పెద్ద డాక్టరు మామూలుగా, "ఎట్లా వచ్చావు?" అని అడిగాడు. అక్కడ నా నోరు ఆగలేదు బిడ్డా.

"ప్యాసింజర్ల వచ్చిన సార్, జనరల్ డబ్బా. మా అవ్వకు సీటిచ్చి, రెండు సంచులు పట్టుకొని కాజీపేట దాక నిలబడే వచ్చిన. బస్సుకైతె దీనికి రెండింతలైతుండె సార్!"

గొప్పగానే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వాడు. "సంచులతో అంతసేపు నిలబడ్డావా? నేనైతే కాజీపేటకు ముందే కూలబడేవాణ్ణి. నువ్వు ఫిట్టు. పోయి డ్యూటీ చేసుకో" అన్నాడు.

నా నోటి దూల వల్ల ఫిట్టయ్యానా, లేక ఊపిరితిత్తులు నిజంగానే బాగున్నాయా? ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడిగి ఉంటే ఏ జవాబుకు సంతోషపడేవాణ్ణో కూడా తెలియదు.

తిరుగు బండిలో మీ అమ్మకు అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆర్నెల్ల సంది నీకేమైతదోనని రాత్రిళ్ళు నిద్ర లేదు నాకు. ఫిట్టంటే మొగం గట్ల పెడ్తవేంది?"

నాయినమ్మ అయితే పక్క సీట్ల వాళ్ళందరికీ "నా కొడుకు ఫిట్టట!" అని చెప్పి ప్రసాదం పంచింది. ఎవరో నాకు చెయ్యి కూడా కలిపారు. నేను మాత్రం బిడ్డ ఉద్యోగం చేతులారా పోగొట్టానని లోపల కుమిలిపోతున్నాను. ఒంట్లో బాగుందని చెబితే ఏడుపొచ్చే మనిషిని ఏమనాలి, నువ్వే చెప్పు.

కళ్ళు తుడుచుకున్నాక మీ అమ్మ ఒక మాట అడిగింది. "ఇంత చేసినవు గదా, హర్షిణిని అడిగినవా? కంపెనీ నౌకరి కావాలన్నదా పిల్ల?"

నేను అడగలేదు బిడ్డా. ఇన్నేళ్ళూ టికెట్లు తీసుకునే ముందు ఏ ఊరు పోదామని మిమ్మల్ని ఒక్కసారీ అడిగినవాణ్ణి కాదు. ఎక్కడికి చవకో అక్కడికి తీసుకుపోయాను. ఇదీ అట్లాగే చేశాను.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ఆ ఉద్యోగం కావాలా, వద్దా? బాపు ఏమనుకుంటాడో అని చూడకుండా రాయి. వద్దంటే, ఫిట్టయినందుకు నేను కూడా సంతోషపడతాను. కావాలంటే మాత్రం ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు బిడ్డా.

ఇట్లు,
రేపు పొద్దున ఫస్టు షిఫ్టుకు పోవాల్సిన నీ బాపు,
సదానందం